లినక్స్ కంప్యూటర్లో వైర్‌లెస్ హెడ్‌సెట్

లినక్స్ మీద నడిచే కంప్యూటర్‌కి బ్లూటూత్ హెడ్‌సెట్ కలిపినవాళ్ల ఫిర్యాదు దాదాపు ఒకటే. పాట పెడితే నిండుగా వినిపిస్తుంది. ఆన్‌లైన్ క్లాసో మీటింగో మొదలై మైకు తెరుచుకోగానే అవతలి గొంతులు సన్నబడి గరగరలాడతాయి. కొన్నిసార్లు మైకు అసలు కనిపించదు. ఈ రెంటినీ లినక్స్ ఖాతాలో వేసేయడం పరిపాటి. అందులో కొంత నిజం ఉంది గాని అది చాలావరకు పాతబడ్డ నిజం. మైకు తెరవగానే ధ్వని పడిపోవడం బ్లూటూత్ ప్రమాణంలోనే ఉన్న లోపం. వినడానికి ఒక దారి, మాట్లాడడానికి మరో దారి అని ఆ ప్రమాణం మొదట్లోనే విడగొట్టుకుంది. లినక్స్ సొంత లోపాలు వేరే ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం ఈ దశాబ్దం మొదట్లో తీరిపోయాయి. ఏ లోపం ఎవరిదో విడదీసి చూస్తే తప్ప హెడ్‌సెట్‌ను సరిగా అమర్చుకోవడం కుదరదు. అలా చూశాక తేలేది ఇది: చెవులకు హెడ్‌సెట్‌ను ఉంచుకుని, మైకు పనిని దానికి అప్పగించకపోవడమే మేలు.

ఈ విషయాన్ని నిడదవోలులాంటి ఊరిని దృష్టిలో పెట్టుకుని చూడడం సబబు. ఈ పట్టణం చెన్నై-హౌరా ప్రధాన రైలుమార్గంలో, భీమవరం శాఖామార్గం విడిపోయే జంక్షను. 2022 ఏప్రిల్‌లో జరిగిన జిల్లాల పునర్విభజనతో పశ్చిమ గోదావరి నుంచి తూర్పు గోదావరిలోకి వచ్చింది. ఇక్కడ పెద్ద సాఫ్ట్‌వేర్ కంపెనీల ఆవరణలు లేవు. కంప్యూటర్ చదువు తాడేపల్లిగూడెం, భీమవరం, రాజమహేంద్రవరం కాలేజీల్లో; ఇంజనీరింగ్ చదివేవాళ్లకి 2015లో తాడేపల్లిగూడెంలో పెట్టిన ఎన్ఐటీ దగ్గరలోనే ఉంది. కోచింగ్, ఇంటర్వ్యూ, ఇంటి నుంచి చేసే ఉద్యోగం మాత్రం ఇంట్లోని లాప్‌టాప్ ముందే. ఆ లాప్‌టాప్ పాతదైనా ఆశ్చర్యం లేదు. విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. ఇంటెల్ ఎనిమిదో తరానికి ముందున్న ప్రాసెసర్లను విండోస్ 11 దాదాపుగా ఒప్పుకోదు. పనిచేస్తున్న యంత్రాన్ని పాత సామాన్లవాడికి వేయడం ఇష్టంలేనివాళ్లకి మిగిలిన దారుల్లో లినక్స్ ముఖ్యమైనది. తెలుగువాళ్లకి అది కొత్త సంగతి కూడా కాదు. హైదరాబాద్ కేంద్రంగా స్వేచ్ఛ సంస్థ ఇరవయ్యేళ్లుగా తెలుగు తెరతో లినక్స్‌ను తయారుచేస్తూ, కాలేజీల్లో ప్రచారం చేస్తూ వచ్చింది. ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు లినక్స్, లిబ్రె ఆఫీస్ వంటి వాటిని తెలుగు వ్యాఖ్యానంతో నేర్పుతాయి. తెర మీద ఇంగ్లిష్, చెవిలో తెలుగు. ఇరవైమంది ఒకే గదిలో ఎవరి పాఠం వాళ్లు వినాలంటే ప్రతి ఒక్కరికీ హెడ్‌ఫోన్ కావాలి. అంటే ఈ తరహా చదువులో సింహభాగం వినడమే. మాట్లాడే అవసరం అప్పుడప్పుడూ వస్తుంది. ఈ నిష్పత్తి గుర్తుంచుకోదగ్గది.

బ్లూటూత్ పుట్టింది పాటల కోసం కాదు. 1994లో స్వీడన్‌లోని లుండ్‌లో ఎరిక్‌సన్ ఇంజనీర్లు, వారిలో ముఖ్యుడు యాప్ హార్ట్‌సెన్, మొబైల్ ఫోనుకు తీగలు తీసేద్దామని మొదలుపెట్టిన పని అది. 1998లో ఎరిక్‌సన్, ఐబీఎం, ఇంటెల్, నోకియా, తోషిబా కలిసి ప్రమాణాల సంఘం పెట్టాయి. మరుసటి ఏడాది తొలి ప్రమాణం వచ్చింది. అందులో ఉన్నది ఫోను సంభాషణకు సరిపడే హెడ్‌సెట్ పద్ధతి. తర్వాత వచ్చిన హ్యాండ్స్‌ఫ్రీ పద్ధతి దాని కొనసాగింపే. స్టీరియో సంగీతం పంపే ఏ2డీపీ అనే పద్ధతి 2003లో విడిగా చేరింది. నాలుగేళ్ల తేడాలో, రెండు వేరు అవసరాలకు పుట్టిన ఈ రెంటినీ ఒక ముడి వేయాలని అప్పట్లో ఎవరికీ తోచలేదు. ఫోనులో మాట్లాడేవాడు అదే క్షణంలో పాట వినడు కదా అన్నది వాళ్ల లెక్క. వీడియో మీటింగు ఆ లెక్కను తలకిందులు చేసింది: మైకూ తెరిచి ఉండాలి, వచ్చే ధ్వనీ బాగుండాలి.

రెండు పద్ధతులూ గాలిలో నడిచే తీరు కూడా వేరు. బ్లూటూత్ సెకనును 1600 గడులుగా కోసి, ఒక్కో గడి 625 మైక్రోసెకన్ల చొప్పున, 79 చానళ్ల మీద గెంతుతూ పోతుంది. సంభాషణకైతే ఇటునుంచి అటూ అటునుంచి ఇటూ సమానంగా, సెకనుకు 64 కిలోబిట్ల చొప్పున గడులను ముందే రిజర్వు చేసేస్తుంది. సంగీతమైతే అలాంటి రిజర్వేషన్ ఏమీ లేకుండా, ఖాళీ దొరికినప్పుడల్లా పెద్ద పొట్లాలుగా ఒకవైపుకే పంపుతుంది. చెడిపోయిన పొట్లాన్ని మళ్లీ పంపుతుంది. జంట లైను పడకముందు నిడదవోలు-భీమవరం మార్గంలో టైంటేబుల్ ఉన్న పాసింజరుకీ, దారి దొరికితే కదిలే గూడ్సుకీ ఉన్న తేడా ఇలాంటిదే. పాసింజరు వేళకు వస్తుంది గాని మోసేది తక్కువ. గూడ్సు ఆలస్యమైనా బరువు మోస్తుంది. ఏ2డీపీ సంగీతం చెవికి చేరేసరికి సెకనులో పదో వంతో ఐదో వంతో గడిచిపోవడం అందుకే.

అంకెలు చూస్తే తేడా ఎంతో తెలుస్తుంది. ఏ2డీపీలో ప్రతి పరికరానికీ తప్పనిసరైన ఎస్‌బీసీ అనే కోడెక్ (ధ్వనిని కుదించి విప్పే పద్ధతి) మంచి నాణ్యతలో సెకనుకు 328 కిలోబిట్లు వాడుకుని, సీడీలాగే సెకనుకు 44,100 నమూనాలతో రెండు చెవులకూ వేరువేరుగా ధ్వని ఇస్తుంది. హ్యాండ్స్‌ఫ్రీలోని పాత కోడెక్ సీవీఎస్‌డీ తీసుకునేవి సెకనుకు 8,000 నమూనాలే, అదీ ఒక్క చెవికి సరిపడా. 8,000 నమూనాలతో పట్టుకోగలిగిన శబ్దం 4,000 హెర్ట్జ్ లోపే. మనిషి గొంతుకి అది చాలదా అనిపించవచ్చు. అచ్చులకు చాలు. ఊష్మాలకు చాలదు. 'స' పలికినప్పుడు పళ్ల మధ్య పుట్టే గాలి శబ్దపు శక్తి ఎక్కువగా 4,000 హెర్ట్జ్‌కి పైనే ఉంటుంది. 'శ', 'ష'లది అంతకంటే కిందకు దిగుతుంది కాబట్టి కొంత బతుకుతాయి. ఫోనులో ఈమెయిల్ చిరునామా చెబుతున్నప్పుడు 'ఎస్సా, ఎఫ్ఫా' అని రెండుసార్లు అడగాల్సి రావడానికి కారణం ఇదే. 2011లో హ్యాండ్స్‌ఫ్రీ 1.6తో వచ్చిన ఎంఎస్‌బీసీ కోడెక్ నమూనాలను 16,000కి పెంచి ఈ లోటు చాలావరకు పూడ్చింది, 'స' తిరిగి వచ్చింది. కాని రెండు చెవుల సంగీతం రాలేదు. తెలుగు మాటను అక్షరాల్లోకి మార్చే యంత్రాలకు కూడా ఇది వర్తిస్తుంది. అలాంటి యంత్రాలు సాధారణంగా 16,000 నమూనాల ఆడియోతో శిక్షణ పొందుతాయి. 8,000 దగ్గర రికార్డు చేసి తర్వాత సాగదీస్తే పోయిన ఊష్మం తిరిగి రాదు. తెలుగు డిక్టేషన్‌కీ, స్వరసేకరణకీ పాత హ్యాండ్స్‌ఫ్రీ మైకు వాడడం శుద్ధ దండగ.

ఇక లినక్స్ వైపు. అడుగున కెర్నెల్, దాని మీద బ్లూటూత్ సంగతి చూసే బ్లూజెడ్, ఆపైన శబ్దాన్ని అప్లికేషన్లకు పంచే సర్వరు అనే మూడు అంతస్తులు దాటితే గాని హెడ్‌సెట్‌లో శబ్దం రాదు. బ్లూజెడ్ 2001లో క్వాల్‌కామ్‌లో మాక్స్ క్రస్న్యాన్‌స్కీ రాసినది. ఆ ఏడాదే 2.4.6 కెర్నెల్‌లో చేరింది. శబ్ద సర్వరుగా చాలాకాలం రాజ్యమేలింది లెనార్ట్ పోటరింగ్ మొదలుపెట్టిన పల్స్‌ఆడియో. లినక్స్‌కి చెడ్డపేరు తెచ్చిన ఘట్టం 2012 చివర్లో బ్లూజెడ్ 5తో వచ్చింది. శబ్దం పనిని బ్లూజెడ్ వదిలించుకుని పై అంతస్తుకి అప్పగించింది. పై అంతస్తు అప్పటికి సిద్ధంగా లేదు. 2014లో వచ్చిన పల్స్‌ఆడియో 5 కొత్త బ్లూజెడ్‌తో పాటలు వినిపించగలిగింది గాని మైకు అందించలేకపోయింది. 2015లో ఆరో వెర్షను వచ్చేదాకా మైకు కావలసినవాళ్లు పాత బ్లూజెడ్‌తోనే ఉండిపోవాలి. ఆ తర్వాతా ఎంఎస్‌బీసీ సులువుగా దొరకలేదు. పల్స్‌ఆడియోలో అది నేరుగా కుదిరింది 2021 నాటి 15వ వెర్షనుతో. పదేళ్లపాటు లినక్స్ వాడుకదారులు పడ్డ ఇబ్బంది నిజమైనదే, దాన్ని ప్రమాణం మీదకు నెట్టేయడం న్యాయం కాదు. ఆ పదేళ్ల చేదు మాత్రం ఇప్పటికీ సలహాల రూపంలో తిరుగుతోంది. ఎప్పుడో రాసిన చిట్కాను నేటి యంత్రంలో అమలు చేసి ఉన్నదాన్నీ చెడగొట్టుకోవడం చాలా తేలిక.

పరిస్థితిని మార్చింది పైప్‌వైర్. రెడ్‌హ్యాట్‌లో విమ్ టేమన్స్ మొదట వీడియో కోసం తలపెట్టిన ఈ సర్వరు, పల్స్‌ఆడియో పనినీ, సంగీత రికార్డింగువాళ్లు వాడే జాక్ పనినీ కలిపి చేయగలిగేలా ఎదిగింది. 2021 ఏప్రిల్‌లో ఫెడోరా అనే లినక్స్ పంపిణీ తన 34వ వెర్షనులో దాన్ని శబ్దానికి ప్రధాన సర్వరు చేసుకుంది. ఉబుంటు 2022 అక్టోబర్‌లోనూ, పాత లాప్‌టాప్‌ల మీద ఎక్కువగా కనిపించే లినక్స్ మింట్ 2024 జులై నాటి 22వ వెర్షనులోనూ అదే దారి పట్టాయి. ఏ పరికరం ఏ పద్ధతిలో నడవాలో నిర్ణయించే పెత్తనం దీనికి తోడుగా ఉండే వైర్‌ప్లంబర్‌ది. మీటింగు అప్లికేషన్ మైకు అడగగానే హెడ్‌సెట్‌ను సంగీతం నుంచి సంభాషణకు మార్చేదీ, మైకు వదిలేయగానే తిరిగి మార్చేదీ ఇదే. ధ్వని పడిపోయే ఆ క్షణంలో చెడిపోయింది ఏమీ లేదు. దారి మారింది, అంతే.

ఇక్కడ బలమైన అభ్యంతరం ఒకటి వస్తుంది: అదే హెడ్‌సెట్ ఫోనులో చక్కగా పనిచేస్తోంది, ఆ ఫోనులోని ఆండ్రాయిడ్ కూడా లినక్సే కదా? కెర్నెల్ వరకు నిజమే. ఆండ్రాయిడ్ 2012లో 4.2 వెర్షనుతో బ్లూజెడ్‌ను వదిలేసి వేరే బ్లూటూత్ సాఫ్ట్‌వేర్ పెట్టుకుంది కాబట్టి ఫోను విజయాన్ని బట్టి కంప్యూటర్ లినక్స్‌ను తూచలేం. అంతకంటే ముఖ్యం, ఫోను కూడా ఆ మార్పు చేస్తూనే ఉంటుంది. కాల్ వస్తే పాట ఆగిపోతుంది, కాల్ ధ్వని పాట ధ్వనిలా ఉండాలని ఎవరూ ఆశించరు, అందుకే తేడా పట్టించుకోరు. విండోస్ 10 అయితే ఒకే హెడ్‌సెట్‌ను స్టీరియో హెడ్‌ఫోన్ అనీ హ్యాండ్స్‌ఫ్రీ అనీ రెండు పరికరాలుగా చూపించేది; తప్పుది ఎంచుకున్నవాళ్లు ఇదే గరగర విన్నారు. మాక్‌లోనూ మైకు తెరిస్తే ధ్వని తగ్గుతుంది. 2025లో మైక్రోసాఫ్ట్ విండోస్ 11లో మైకు, స్టీరియో రెండూ కలిసి నడిచే ఏర్పాటు తెచ్చినప్పుడు అది కొత్త తరం బ్లూటూత్ ఉన్న యంత్రాలకే పరిమితమైంది. అంతటి సంస్థ కూడా పాత ప్రమాణంలో ఉండగా ఈ ముడి విప్పలేదంటే లోపం ఎక్కడిదో వేరే చెప్పనక్కర్లేదు. గాలిలో చోటు చాలదని కూడా అనలేం. ఫాస్ట్‌స్ట్రీమ్ అనే పాత కోడెక్ సంగీతం పంపే దారిలోనే వెనక్కి మైకు ధ్వనిని తెస్తుంది, పైప్‌వైర్‌కి అది తెలుసు కూడా. దాన్ని అర్థం చేసుకునే హెడ్‌సెట్లే అరుదు.

అమర్చుకునే పద్ధతి ఈ వివరణ నుంచే వస్తుంది. మొదట కంప్యూటర్‌కి బ్లూటూత్ ఉందా, నిద్రపోతోందా అన్నది చూడాలి. ఆర్‌ఎఫ్‌కిల్ అనే ఆదేశం రేడియోను ఎవరు ఆపారో చెబుతుంది; కొన్ని లాప్‌టాప్‌లలో విమానం బొమ్మ ఉన్న మీట పొరపాటున నొక్కడమే అసలు సంగతి. చిప్‌కి కావలసిన ఫర్మ్‌వేర్ లేకపోతే అడాప్టరే కనిపించదు. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ నియమంతో ఇలాంటి ఫర్మ్‌వేర్‌ను ఇన్‌స్టలేషన్ డిస్కులోంచి దూరం పెట్టిన డెబియన్ కూడా 2022లో ఓటింగు పెట్టుకుని, 2023 నాటి 12వ వెర్షను నుంచి కలిపి ఇస్తోంది. తర్వాత హెడ్‌సెట్‌ను జతచేసే స్థితిలో పెట్టి, సెట్టింగుల్లోని బ్లూటూత్ పేజీలో దాని పేరు మీద నొక్కితే చాలు. పేజీ మొరాయిస్తే టెర్మినల్లో బ్లూటూత్‌సీటీఎల్ తెరిచి స్కాన్, పెయిర్, ట్రస్ట్, కనెక్ట్ అనే వరసలో వెళ్లాలి. మూడోదాన్ని మరిచిపోతే ఇవాళ పనిచేసిన హెడ్‌సెట్ రేపు తనంతట తాను కలవదు. కలిశాక సౌండ్ పేజీలో పద్ధతుల జాబితా ఉంటుంది. హై ఫిడెలిటీ ప్లేబ్యాక్ అన్నది ఏ2డీపీ, హెడ్‌సెట్ హెడ్ యూనిట్ అన్నది సంభాషణ పద్ధతి. మొదటిదాన్ని ఎంచుకుని, ఇన్‌పుట్ దగ్గర లాప్‌టాప్ సొంత మైకునో తీగ మైకునో పెట్టాలి. వైర్‌ప్లంబర్ దానంతట అది పద్ధతి మార్చకుండా బ్లూటూత్ ఆటోస్విచ్ అనే సెట్టింగును ఆపేయవచ్చు. మీటింగు అప్లికేషన్‌కి సొంత మైకు జాబితా ఉంటుంది, అక్కడా ఇదే ఎంపిక చేయాలి. బ్రౌజరులో ఈ చివరి మెట్టు మరిచిపోవడం వల్లే చాలా అమరికలు చెడతాయి.

లాప్‌టాప్ మైకు నోటికి దూరం, ఫ్యాను హోరూ వీధిలోని హారన్లూ అందులో పడతాయి, హెడ్‌సెట్ మైకు దగ్గరగా ఉంటుంది కదా అన్నది రెండో అభ్యంతరం. దూరం మాట నిజం. దగ్గరగా ఉండడం ఒక్కటే మైకుకు గుణం కాదు. మెడలో నెక్‌బ్యాండ్, చెవిలో బడ్ పెట్టుకున్నప్పుడు వాటి మైకు కూడా నోటి ముందు ఉండదు. పైగా అది పట్టిన ధ్వనిని ఇరుకు దారిలో కుదించి పంపాలి. లాప్‌టాప్ మైకు ధ్వని అలా కుదింపు లేకుండా 48,000 నమూనాలతో నేరుగా అందుతుంది. చేతిలో అంత సమాచారం ఉంటే హోరును తీసేయడం సాఫ్ట్‌వేర్‌కి సులభం. జాన్-మార్క్ వాలిన్ 2017లో ప్రకటించిన ఆర్ఎన్‌నాయిజ్ సరిగ్గా ఆ పని చేస్తుంది, ఈజీఎఫెక్ట్స్ అనే అప్లికేషన్ ద్వారా పాత లాప్‌టాప్ మీద కూడా నడుస్తుంది. అది వద్దనుకుంటే చొక్కాకి తగిలించే కాలర్ మైకు ఉంది. ఇంట్లోంచి యూట్యూబ్ వీడియోలు చేసేవాళ్ల పుణ్యమా అని అది ఇప్పుడు మొబైల్ దుకాణాల్లో మామూలు సరుకు. ఒకే రంధ్రం ఉన్న లాప్‌టాప్‌కి ఫోను కోసం చేసిన మూడు గీతల పిన్ను సాధారణంగా సరిపోతుంది. అసలు బ్లూటూతే లేకుండా, సొంత యూఎస్‌బీ ముక్కతో వచ్చే వైర్‌లెస్ హెడ్‌సెట్లూ ఉన్నాయి. ఆ ముక్క కంప్యూటర్‌కి మామూలు యూఎస్‌బీ సౌండ్ కార్డుగా కనిపిస్తుంది కాబట్టి ఈ గొడవంతా తప్పుతుంది. మైకు ఎప్పుడూ తెరిచి ఉండాల్సిన ఉద్యోగం చేసేవాళ్లకి, ధర భరించగలిగితే, అదే నయం.

ఖరీదైన కోడెక్కులున్న హెడ్‌సెట్ కొంటే మైకు సమస్య పోతుందన్న నమ్మకం కూడా చెల్లదు. ఏపీటీఎక్స్, ఎల్‌డాక్, ఏఏసీ అన్నీ ఏ2డీపీ దారిలోవే. మైకు తెరవగానే అవన్నీ పక్కకు తప్పుకుంటాయి.

ధ్వని తెగితెగి రావడం వేరే జబ్బు, దానికి మందు వేరు. బ్లూటూత్ నడిచే 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని భారత ప్రభుత్వం 2005లో తక్కువ శక్తి పరికరాలకు లైసెన్సు లేకుండా వదిలింది. అదే పట్టీలో వైఫై, వైర్‌లెస్ మౌసు, మైక్రోవేవ్ పొయ్యి అన్నీ ఉన్నాయి. రద్దీ చానళ్లను తప్పించుకుని గెంతే నేర్పు బ్లూటూత్‌కి 2003లో 1.2 వెర్షనుతో వచ్చినా, చాలా లాప్‌టాప్‌లలో వైఫైకీ బ్లూటూత్‌కీ ఒకే చిప్పు, కొన్నిట్లో ఒకే యాంటెన్నా. పెద్ద ఫైలు దిగుతున్నప్పుడు పాట తడబడితే రూటర్‌ను 5 గిగాహెర్ట్జ్‌కి మార్చి చూడాలి. రూటర్‌లో ఆ పట్టీ లేకపోతే లాప్‌టాప్‌ను ఈథర్నెట్ తీగతో కలపడం ఇంకా మేలు. యూఎస్‌బీ 3 పోర్టుల నుంచి కూడా ఈ పట్టీలోకి రొద లీకవుతుందని ఇంటెల్ 2012లోనే పరీక్షించి చూపింది. చిన్న బ్లూటూత్ ముక్కను హార్డ్ డిస్కు పక్కన గుచ్చకుండా, జానెడు ఎక్స్‌టెన్షన్ తీగతో దూరంగా పెట్టడం ఆ పరీక్ష నుంచి వచ్చిన చవకైన చిట్కా. ఒకే యంత్రంలో విండోస్, లినక్స్ రెండూ ఉంచుకున్నవాళ్లకి ఇంకో తంటా: రెంటికీ అడాప్టర్ చిరునామా ఒకటే, జతచేసినప్పుడు పుట్టే రహస్య తాళం మాత్రం వేరు. హెడ్‌సెట్ చివరి తాళాన్నే గుర్తుంచుకుంటుంది కాబట్టి అటు మారినప్పుడల్లా మళ్లీ జతచేయాలి, లేదా విండోస్‌లోని తాళాన్ని తెచ్చి లినక్స్ ఫైల్లో రాయాలి.

మామూలు మనిషి ఇంత తెలుసుకుని హెడ్‌సెట్ పెట్టుకోవాలా అని అడగవచ్చు. అడగాల్సిందే, కాకపోతే ప్రమాణాల సంఘాన్ని. ఆ సంఘం ఇచ్చిన జవాబు 2020 జనవరిలో ప్రకటించిన ఎల్ఈ ఆడియో. ఇందులో వినడం, మాట్లాడడం ఒకే దారిలో నడుస్తాయి. ఎల్‌సీ3 అనే కొత్త కోడెక్ ఎస్‌బీసీకి కావలసిన బిట్లలో సగంతోనే అంతటి నాణ్యత ఇస్తుందని సంఘం అంటోంది. ఆరకాస్ట్ అనే పద్ధతిలో ఒక కంప్యూటర్ నుంచి ఎన్ని హెడ్‌సెట్లకైనా ఒకేసారి ధ్వని పంపవచ్చు. అందరూ ఒకే పాఠాన్ని తెలుగు వ్యాఖ్యానంతో వినే కంప్యూటర్ గదికి అది సరిగ్గా కావలసిన వసతి. కెర్నెల్, బ్లూజెడ్, పైప్‌వైర్ మూడింటిలోనూ ఎల్ఈ ఆడియో పని సాగుతోంది. ప్రయోగాత్మక సెట్టింగులను చేత్తో తెరిస్తే కొన్ని అడాప్టర్లతో నడుస్తుంది. దానికి అడాప్టర్ 5.2 తరానిదై, అందులోని ఐచ్ఛిక భాగాలకు మద్దతు ఉండాలి, హెడ్‌సెట్‌కీ ఉండాలి. విండోస్ 10 ఆగిపోవడంతో లినక్స్ వైపు వచ్చిన లాప్‌టాప్‌లలో ఎక్కువగా ఉన్నవి 4.0, 4.2 తరం చిప్పులు. వాటిలో ఎల్ఈ ఆడియోని ఏ సాఫ్ట్‌వేరూ పుట్టించలేదు. కార్డు మార్చేదాకా, లేదా యూఎస్‌బీ ముక్క కొనేదాకా, ఆ లాప్‌టాప్‌కి హెడ్‌సెట్‌ను ఏ2డీపీలో ఉంచి మైకును విడిగా పెట్టుకోవడమే పనికొచ్చే అమరిక.